దారిలో దొరకని వస్తువులు

బళ్ళారి నుండి ఉత్తరముఖంగా ఆలూరు మీదుగా ఆదోనికి గాని, తూర్పున గుంతకల్లుకు గాని, దక్షిణాన రాయదుర్గానికి గాని సైకిలు మీద బయలుదేరినవాడు ఒక పూటలోనే ఒక రాష్ట్రం విడిచి మరొక రాష్ట్రంలో ప్రవేశిస్తాడు. ఈ ఎల్ల పురాతనమైనదేమీ కాదు. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం అవతరించిననాడు ఆదోని, ఆలూరు తాలూకాలు కర్నూలు జిల్లాకును, రాయదుర్గం తాలూకా అనంతపురం జిల్లాకును చేరగా, బళ్ళారి పట్టణంతో కూడిన శేషభాగం మైసూరు రాష్ట్రానికి పోయినది. బోర్డుల మీది లిపి మారినది గాని నేల మారలేదు. అదే నల్లరేగడి, అవే గండశిలల గుట్టలు, అదే పత్తి, అదే వేరుసెనగ, వేసవిలో నలభై డిగ్రీలు దాటే అదే ఎండ. వీటన్నిటితోపాటు దారి పొడుగునా అవే ముళ్ళు. సైకిలువాడు తన వెంట ఏమేమి తీసుకొనిపోవలెనన్న విచారం ఈ ముళ్ళతోనే ప్రారంభం కావలసి ఉన్నది.

ముళ్ళలో అగ్రపూజ పల్లేరుకు చెల్లును. పండి ఎండిన పల్లేరుకాయ ఐదు పలుకులుగా విడిపోతుంది; ఒక్కొక్క పలుకుకు రెండు పొడవైన ముళ్ళు, రెండు పొట్టివి. ఆ పలుకు ఎట్లు పడినను కొన్ని ముళ్ళు నేలకు ఆని నిలువగా, ఒక్కటైనా ఆకాశం వైపు మొన చూపే విధంగా వాటి అమరిక ఉంటుంది. పూర్వం యుద్ధాలలో శత్రువుల గుర్రపుదండు దారిలో చల్లిన ఇనుపముళ్ళ రేఖాగణితం కూడా ఇదే. పశువుల గిట్టలకు, బాటసారుల పాదాలకు గుచ్చుకొని దూరప్రాంతాలకు పోవడమే ఆ మొక్క వంశవ్యాప్తికి సాధనం గనుక, టైరు దానికి శత్రువు కాదు, కొత్తగా దొరికిన వాహనం. అమెరికా పశ్చిమభాగంలో స్థిరపడిన ఈ మొక్కను అక్కడివారు పంచరు తీగ అనే పిలుస్తున్నారు. పల్లేరు తరువాతిది సర్కారు తుమ్మ. మద్రాసు రాజధానిలో అటవీశాఖాధికారిగా ఉండిన బెడ్డోము దొర చొరవతో జమైకా నుండి విత్తనాలు తెప్పించి 1877లో కడప జిల్లా కమలాపురం ప్రాంతంలో నాటిన ఈ పరదేశపు చెట్టు నేడు రాయలసీమ అంతటా అల్లుకొన్నది. కన్నడిగులు దీనినే బళ్ళారి జాలి అంటారు. పొలాలకు కంచె కొట్టిన దాని కొమ్మలు రోడ్డు అంచున రాలి ఉంటాయి. దాని ముల్లు టైరులో దిగిన పిమ్మట పైభాగం విరిగి మొన మాత్రం లోపలనే నిలుచును. ఆ మొన సంగతి మున్ముందు చెప్పవలసి వస్తుంది. మూడవ ముల్లు మానవనిర్మితం. సండూరు గనుల నుండి, తోరణగల్లు ఉక్కు కర్మాగారం నుండి రాకపోకలు సాగించే లారీల టైర్లు చిరిగినప్పుడు వాటిలోని సన్నని ఉక్కుతీగలు తునకలై రోడ్డు పక్కన చెదరి, కంటికి కనబడకుండా పడి ఉంటాయి.

ఇట్టి దారులలో మన తండ్రితాతలు ఏళ్ళ తరబడి సైకిలు తొక్కినారు; కాని వారి సీటు కింద సంచి ఉండేది కాదు. ఇందుకు వారి సాహసం కారణం కాదు. ఆ నల్లని పెద్ద సైకిలు మద్రాసు దగ్గర అంబత్తూరులో తయారైన హెర్క్యులీసు కావచ్చు, సోనీపత్‌లో తయారైన అట్లాసు కావచ్చు, లూధియానా హీరో కావచ్చు. ఏదైనను దాని చక్రపు కొలత 28 అంగుళాలని అందరికీ తెలుసును, ట్యూబు ఒకటే, వాల్వు ఒకటే, చైను ఒకటే. హొసపేటలో కొన్న ట్యూబు ఉరవకొండలో సైకిలుకు పట్టేది. ఊరి మొగదల చింతచెట్టు కింద నీళ్ళ తొట్టి, ఉప్పుకాగితం, సొల్యూషను, పాత ట్యూబు నుండి కత్తిరించిన అతుకులు, మూర లెక్కన కొలిచి ఇచ్చే వాల్‌ట్యూబు పెట్టుకొని కూర్చున్న అంగడివాడు కొన్ని మైళ్ళకొకడు ఉండేవాడు. అనగా మరమ్మతు సామగ్రి సైకిలువాని భుజం మీద గాక దేశమంతటా పరచి ఉండేది. ఆ సైకిలు బలమంతా దాని ఇనుములో ఉన్నదని లోకం అనుకొనును. ఆ కొలతల ఏకరూపతలోనే ఉన్నదని నా అభిప్రాయం.

సన్నని టైర్లు, గేర్లు గల నేటి రోడ్డు సైకిలు ఈ ఏర్పాటుకు వెలుపలిది. పాత సైకిలు టైరు కూర్చునే రిమ్ము వ్యాసం 635 మిల్లీమీటర్లు, రోడ్డు సైకిలుది 622. భేదం పదమూడే మిల్లీమీటర్లు, కాని ఆ పదమూడు చాలును, ఒకదాని టైరు మరొకదానికి ఎన్నటికీ పట్టదు. ట్యూబు సాగేది గదా, ఎట్లో సర్దవచ్చునేమో అని ఎవరైన అనుకొంటే, వాల్వు కాడ అడ్డుపడుతుంది: మామూలు ట్యూబు కాడకు సుమారు 8 మిల్లీమీటర్ల రంధ్రం కావలెను, రోడ్డు సైకిలు రిమ్ముకు ఉన్నది ఆరు చిల్లర. చైను లంకెల మధ్య దూరం రెంటికీ అర అంగుళమే అయినను వెడల్పులో పొసగదు. స్పోకుల పొడవు వేరు. కనుక ఈ సైకిలువాడు సంచిలో ఏమి పెట్టుకోవలెనను ప్రశ్నకు, ఏది తరచుగా చెడునో అది అని చెప్పడం సగం సమాధానమే; ఏది చెడితే దారిలోని ఊళ్ళలో దొరకదో అది అనునది మిగిలిన సగం. స్క్రూడ్రైవరు, మామూలు స్పానరు, పట్టకారు, నూనె, తీగముక్క ఏ మోటారుసైకిలు అంగడిలోనైనా దొరుకును. వాటిని మోసుకొని తిరిగేవారిని చూస్తే నాకు జాలి కలుగుతుంది.

అంగళ్ళు కూడా మారినవి. చింతచెట్టు కింది సైకిలు అంగడి స్థానంలో నేడు మోటారుసైకిళ్ళ పంచరు అంగడి, దానిలో కరెంటు కంప్రెసరు వెలసినవి. అక్కడ గాలికి కొదువ లేదు, కాని ఆ గాలిపైపు కారుకు, మోటారుసైకిలుకు ఉండే లావు వాల్వుకే పట్టును. రోడ్డు సైకిలుకు ఉన్నది ఫ్రాన్సులో పుట్టిన సన్నని ప్రెస్టా వాల్వు. ఆలూరు దారిలో ఇటువంటి అంగడి ముందు సైకిలు ఆపితే జరిగే సంభాషణ ఇంచుమించు ఇట్లుంటుంది. అంగడివాడు పైపు తెచ్చి, ఒకసారి నొక్కి, రెండవసారి నొక్కి, వంగి చూచి, "అన్నా, ఇది మన పైపుకు పట్టదు, లోపల సూది మాదిరి ఉంది, దీన్నేం చేసేది?" అంటాడు. సైకిలువాడు జేబులో నుండి చిటికెనవేలి గోరంత ఇత్తడి బిళ్ళ తీసి, వాల్వు కొసనున్న చిన్న మరను నాలుగు చుట్లు వదులు చేసి, దాని మీద ఆ బిళ్ళను బిగిస్తాడు. పైపు టక్కున కూర్చుంటుంది. "ఇంతేనా కత! ఈసారి వచ్చేటప్పుడు నాకూ ఒకటి తెచ్చిపెట్టన్నా." కొద్ది గ్రాముల ఆ ఇత్తడి తునక దారిలోని కంప్రెసర్లన్నిటినీ సైకిలువాని సొత్తు చేస్తున్నది, సంచిలోని సమస్తవస్తువులలో బరువుకు తగిన ఫలం దీనిదే ఎక్కువ. ఒక్క జాగ్రత్త కావలెను: సన్నటైరు పట్టే గాలి చోటు లీటరుకు అటుఇటు మాత్రమే గనుక, మోటారుసైకిలుకు కొట్టినట్లు పైపు అదిమి పట్టితే క్షణాలలో ట్యూబు పగులును. కొంచెం కొంచెంగా కొట్టమని ముందే చెప్పవలెను.

ట్యూబులు ఎన్ని? ఇక్కడ గణితం కొంత సహాయపడుతుంది. అరుదుగా, దేనికదిగా సంభవించే ఘటనలకు ఫ్రెంచి గణితవేత్త పాయిసాన్ 1837లో ఒక సూత్రం ఏర్పరచినాడు. దానికి లోకప్రసిద్ధి తెచ్చినవాడు బోర్ట్‌కెవిచ్ అను పండితుడు. ప్రష్యా అశ్వికదళాలలో గుర్రాల తన్నులకు చనిపోయిన సైనికుల లెక్కలు తీసి 1898లో తన గ్రంథంలో ప్రకటించినాడు. పది దళాలకు ఇరవై ఏండ్ల లెక్క, మొత్తం 122 మరణాలు. ఒక్క మరణమైనా లేని దళసంవత్సరాలు రెండువందలలో 109 కాగా, సూత్రం చెప్పిన సంఖ్య కూడా దాదాపు అంతే. గుర్రపు తన్నుకు వర్తించిన సూత్రం ముల్లుకు వర్తించకపోదు. వెయ్యి కిలోమీటర్లకు సగటున ఒక పంచరు పడునని అనుకొందము. అప్పుడు రెండువందల కిలోమీటర్ల యాత్రలు నూరు చేస్తే ఎనభైరెండింట ముల్లు గుచ్చుకోదు, పదహారింట ఒక్కసారి గుచ్చుకొనును, రెండుసార్లు గాని అంతకు మించి గాని గుచ్చుకొనేవి రెండుకు లోపే. మూడు, అంతకు పైన అయితే వెయ్యి యాత్రలకు ఒకటి. కనుక మొదటి స్పేరు ట్యూబు అవసరం, రెండవది వివేకం, మూడవది భయం. రెండు ట్యూబులు, వాటి వెనుక అతుకుల డబ్బా ఉంటే చాలునని గణితం తీర్పు.

కాని పల్లేరుకు గణితశాస్త్రం తెలియదు. ఘటనలు దేనికదిగా జరుగుతాయన్న ఊహ మీదనే ఆ సూత్రం నిలిచి ఉన్నది. మలుపు తిరుగుతూ రోడ్డు దిగి పల్లేరు పరచుకొన్న మట్టి అంచు మీద రెండు గజాలు పోయిన టైరుకు ఒక్కమారే ఏడెనిమిది రంధ్రాలు పడవచ్చును, అదియు రెండు చక్రాలకు. అంతకన్న మోసకరమైనది లోపల నిలిచిన మొన. పాత ట్యూబు తీసి కొత్తది ఎక్కించి, గాలి కొట్టుకొని, కిలోమీటరు పోయేసరికి అదీ దిగిపోతే ప్రారబ్ధమని నిట్టూర్చేవారు చాలామంది ఉన్నారు. అది ప్రారబ్ధం కాదు, తొలి ముల్లే. కనుక ట్యూబు మార్చడంలో ముఖ్యమైన భాగం మార్చడం కాదు, వెదకడం. టైరు మీది కంపెనీ పేరు వాల్వుకు ఎదురుగా ఉండేటట్లు మొదటనే ఎక్కించి ఉంచుకొన్నవాడు, ట్యూబులో రంధ్రం వాల్వు నుండి ఎన్ని బెత్తల దూరంలో ఉన్నదో చూచి, టైరులోనూ అంతే దూరాన వెదుకుతాడు. బయట ఏమీ కనబడదు. లోపలి వైపున వేలికొసలను అతి మెల్లగా జరుపుకొంటూ పోతే ఒకచోట చర్మానికి చుర్రుమని తగులును. అది లారీ తీగ అయితే తల వెంట్రుక కన్న కొంచెమే లావు. వేలికి బదులు దూదిగాని పాత బనీను గుడ్డ గాని జరిపితే పోగు చిక్కుకొని తానే చోటు చూపును. గోళ్ళు కత్తిరించే సాధనంతో దానిని బయటికి లాగవచ్చును.

అతుకు వేయడంలో ఉన్న రసాయనశాస్త్రాన్ని పంచరు అంగడివాడు చేతితో నేర్చినాడే గాని పుస్తకంలో చదువలేదు. రబ్బరు అణువులు పొడవైన గొలుసులు. వాటికవి విడివిడిగా ఉన్నంతకాలం రబ్బరు ఎండకు మెత్తబడును, చలికి పెళుసగును. 1839లో అమెరికాలో చార్లెస్ గుడ్‌ఇయర్ గంధకంతో కలిపి వేడిచేసి ఆ గొలుసుల మధ్య గంధకపు వంతెనలు కట్టవచ్చునని కనుగొన్నాడు. మంచి అతుకు అడుగుభాగంలో ఇట్లు వంతెనలు పడని పచ్చి రబ్బరు పొర ఉంటుంది. సొల్యూషనులో వంతెనలు పడడాన్ని త్వరపరచే ద్రవ్యాలు ఉంటాయి. ఈ రెండూ కలిసినప్పుడు కొలిమి లేకుండానే ట్యూబూ అతుకూ క్రమంగా ఒకే పదార్థం అవుతాయి. ఉప్పుకాగితంతో గీకడం అంటుకోవడానికి గరుకు చేయడమే కాదు, తయారీలో ట్యూబు మీద మిగిలిన జారుడు పొడిని తొలగించడం. సొల్యూషను పూసిన తరువాత అది పూర్తిగా ఆరేదాకా ఆగడం అన్నిటికన్న ముఖ్యం. తడిగా ఉండగా అంటిస్తే ద్రావకం అతుకు కింద చిక్కుకొని బుడగ లేచును. బళ్ళారి గాలికి అది రెండు నిమిషాలలో ఆరుతుంది, తొందరపడవలసిన పని లేదు. తొక్క తీసి అంటించే బిళ్ళలలో ఈ రసాయనక్రియ ఏదీ లేదు, జిగురు మాత్రమే ఉన్నది. వేసవి మధ్యాహ్నం ఆ జిగురు కరగి బిళ్ళ పక్కకు జరగడం సర్వసాధారణం. అవి ఇల్లు చేర్చుతాయి, అంతే.

ఎండకు ట్యూబులు పగులుతాయని ఇక్కడివారికి గట్టి నమ్మకం. లెక్క చూస్తే అందులో కొంతే నిజం ఉన్నది. ఉదయం 27 డిగ్రీల వేళ చదరపు అంగుళానికి 100 పౌండ్ల గాలి కొట్టిన టైరు 42 డిగ్రీల ఎండలో సుమారు 106 పౌండ్లకు చేరును. మండే తారు మీద టైరు 60 డిగ్రీలకు కాగినా 113కు మించదు. మంచి టైరు దీనిని సునాయాసంగా తాళును. పగిలేవి పాత అతుకుల అంచులు, నెరసిన టైర్లు. అపవాదు మాత్రం ఎండకు వచ్చినది.

గాలిపంపు విషయంలోనూ పాతకాలపు అనుభవం కొత్త సైకిలుకు పనికిరాదు. అంగళ్ళలో కాలితో తొక్కిపట్టి కొట్టే లావుపాటి పంపు నలభై యాభై పౌండ్లకు ఉద్దేశింపబడినది. దాని గొట్టం వెడల్పు ఎక్కువ గనుక నూరు పౌండ్ల దగ్గర పిడి మీద మనిషి బరువంతా వేసినను కదలడం కష్టం. సంచిలో పట్టే చిన్నపంపు గొట్టం వెడల్పు పదహారు మిల్లీమీటర్లు అనుకొంటే అదే నూరు పౌండ్ల దగ్గర పిడి మీద పద్నాలుగు కిలోల బలం చాలును; దాని ఫలం, సుమారు రెండువందల ముప్పై సార్లు కొట్టవలసి రావడం. ఇంత చాకిరీ ఎందుకని కొందరు బొగ్గుపులుసు వాయువు నింపిన ఉక్కుబుడ్డీలను కొంటారు. పదహారు గ్రాముల బుడ్డీలోని వాయువు బయటికి వస్తే తొమ్మిది లీటర్లకు కొంచెం తక్కువ. ఒక లీటరు టైరులో చేరినప్పుడు నూరు పౌండ్లకు పైగా ఇస్తుంది. తెరిచిన క్షణంలో బుడ్డీ మీద మంచు పేరుకొనును, ఒట్టి చేతితో పట్టితే వేళ్ళు కాలినట్లగును. ఈ వాయువు 31 డిగ్రీలు దాటితే ఎంత అదిమినను ద్రవరూపంలో నిలువదు. అనగా మన ఎండలో సంచిలోని బుడ్డీ లోపల అది ద్రవమూ కాక మామూలు వాయువూ కాక, పీడనం మాత్రం పెంచుకొంటూ ఉంటుంది. దానిని ఎండలో ఆపిన కారులో వదలిపెట్టరాదు. పైగా ఆ వాయువు రబ్బరులో కరగే స్వభావం కలది గనుక, మరునాటికి ట్యూబు మెత్తబడి ఉంటే కొత్త రంధ్రం కోసం వెదకనక్కరలేదు. నా మటుకు నేను పంపు పక్షమే: బుడ్డీ ఒకసారికి, పంపు ఎన్నిసార్లకైనా.

రాయి కోసి టైరే చీలితే ట్యూబు ఎన్ని ఉన్నా నిష్ప్రయోజనం. పాతిక మిల్లీమీటర్ల టైరులో నూరు పౌండ్ల గాలి ఉన్నప్పుడు దాని గోడలోని ప్రతి సెంటీమీటరు సుమారు తొమ్మిది కిలోల లాగుడును భరిస్తున్నది. ఆ మేర కోత పడిన చోట ట్యూబు పొక్కులా బయటికి వచ్చి పగలక తప్పదు. లోపలి నుండి పాత టైరు ముక్క గాని, నాలుగు మడతల నోటు గాని, టూత్‌పేస్టు గొట్టం నుండి కత్తిరించిన తునక గాని అడ్డుపెడితే లోపలి గాలే దానిని గోడకు అదిమి పట్టుకొనును.

సండూరు, తోరణగల్లు వైపు తిరిగేవారికి చైను సంగతి వేరుగా చెప్పవలసి ఉన్నది. ఆ రోడ్ల మీది ఎర్రధూళి ఇనుప ఖనిజం, అనగా ఐరన్ ఆక్సైడు. కటకాలకు, దర్పణాలకు తుది మెరుగు పెట్టడానికి శతాబ్దాలుగా వాడుతున్న ఎర్రపొడి కూడా ఇదే పదార్థం. నూనె కారుతున్న చైను మీద ఇది పేరుకొన్నప్పుడు రెండూ కలిసి చక్కని అరగదీత ముద్ద తయారవుతుంది, చైను తనను తానే సానపట్టుకొనును. నూనె ఎంత పలుచగా ఉంటే అంత మేలు, పైపైన ఉన్నదంతా గుడ్డతో తుడవవలెను. చైను తెగినప్పుడు కలిపే జంటలంకె ఆ సైకిలుకు ఎన్ని గేర్లో దానికి సరిపోయినదే కావలెను గనుక అది సంచిలో ఉండవలసినదే. వెనుక గేరును ఫ్రేముకు తగిలించే అల్యూమినియం కొక్కెం కూడా అంతే: గేరు దెబ్బతిన్నప్పుడు ఫ్రేము విరగకుండా తానే విరగడానికి దానిని మెత్తగా చేసినారు, కాని ఒక్కొక్క కంపెనీ ఒక్కొక్క ఆకారంలో చేసినందున బళ్ళారిలోనే కాదు, పెద్ద నగరాలలోనూ తగినది వెంటనే దొరకదు. ఇరవై గ్రాముల వస్తువు. స్పోకు తెగడం లోహశ్రాంతి. నూరు కిలోమీటర్లలో చక్రం నలభైఏడు వేలకు పైగా తిరుగును, తిరిగినప్పుడల్లా స్పోకులో బిగువు తగ్గి హెచ్చును, చివరకు వంపు దగ్గర తెగును. పక్క స్పోకులను కొంచెం సవరించి ఇల్లు చేరవచ్చును.

ఫోర్కు విరిగితే? 1913 నాటి టూర్ డి ఫ్రాన్సు పందెంలో యూజేన్ క్రిస్టోఫ్‌కు టూర్మలే కనుమ దిగుతుండగా అది విరిగినది. తన మరమ్మతు తానే చేసుకోవలెనన్నది ఆనాటి పందెపు నియమం. అతడు సైకిలు మోసుకొని మైళ్ళ కొద్దీ నడిచి, ఒక గ్రామంలోని కొలిమి దగ్గర స్వయంగా సమ్మెట పట్టి ఫోర్కు అతికినాడు. తిత్తి ఊదడానికి ఒక కుర్రవాని సాయం తీసుకొన్నాడని అధికారులు జరిమానాగా కాలం కలిపినారు. మన ఎల్లకు ఇరువైపులా కొలుములు ఇంకా కొన్ని ఉన్నవి, కాని కార్బను ఫోర్కును ఏ కమ్మరీ అతుకలేడు, ఏ సంచిలోనూ దానికి మందు లేదు. అప్పుడు కావలసినవి లగేజి ఆటోకు చాలినంత నగదు, లేదా సైకిలు ఎక్కించుకొనే బస్సు. ఎల్ల దాటే బస్సులు రెండు రాష్ట్రాలవీ తిరుగుతాయి గాని పైకప్పుకు నిచ్చెన ఉన్నవి తగ్గిపోతున్నవి. ఆ దారిలో ఆఖరు బస్సు ఎన్ని గంటలకో, దానికి నిచ్చెన ఉన్నదో లేదో బయలుదేరక ముందే బస్టాండులో కనుక్కోవలెను.